అమ్మానాన్నలతో ఒమన్ పాత ఊళ్లు: నాలుగు రోజులు ఎలా గడపాలి?

మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్న మీరు, జనవరిలో రాబోతున్న అమ్మానాన్నలకు మాల్‌లూ మేడలూ కాకుండా పాతకాలపు అరబ్ పట్టణాలూ పల్లెలూ చూపించాలనుకుంటున్నారనీ, గురువారం నుంచి ఆదివారం వరకు నాలుగు రోజులు కుదురుతాయనీ, అమ్మగారికి మోకాళ్ల నొప్పి ఉన్నదనీ, ఆమె శాకాహారమే తీసుకుంటారనీ రాశారు. ఏ రోజుకారోజు మస్కట్‌కు తిరిగి వచ్చేయవచ్చా, ఎన్ని కోటలు చూడవచ్చు అని అడిగారు. రోజూ తిరిగి రావద్దన్నది మొదటి ప్రశ్నకు నా సమాధానం. రెండు కోటలు చాలు, మిగిలిన సమయాన్ని ఊళ్లకు ఇవ్వండి అన్నది రెండో దానికి.

చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నందువల్ల, బంధువులు వచ్చిన ప్రతిసారీ వాళ్లను లోపలి ప్రాంతాలకు తీసుకువెళ్లడం నాకు అలవాటైంది. అందరూ చేసేదేమిటంటే, ఉదయం మస్కట్‌లో బయలుదేరి, నిజ్వా కోట, బహ్లా కోట, జబ్రీన్ కోట వరుసగా చూసి, ఫొటోలు తీసుకుని, రాత్రికి అలసిపోయి ఇల్లు చేరుకోవడం. మూడో కోట దగ్గరకు వచ్చేసరికి పెద్దవాళ్లు కారు దిగడానికి కూడా ఇష్టపడరు. కోట పాలకుడు ఉన్న చోటు మాత్రమే. మామూలు మనుషులు ఎలా బతికారో తెలియాలంటే వాళ్ల వీధులూ, ఇళ్లూ, ఖర్జూర తోటలూ, అన్నిటికన్నా ముందు వాళ్ల నీళ్లూ చూడాలి. నీళ్లు ఎక్కడినుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూసుకుంటూ నడిస్తే, ఎవరూ వివరించకపోయినా ఇక్కడి ఊరు సగానికి పైగా అర్థమవుతుంది.

ఈ నీటి కాలువను ఇక్కడ ఫలజ్ అంటారు. ఇందులో మూడు రకాలున్నాయి. కొండ పాదాల దగ్గర లోతైన తల్లిబావి తవ్వి, అక్కడినుంచి భూమి లోపలే స్వల్పమైన వాలుతో సొరంగం తీసి, కొన్ని కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరికి నీటిని చేర్చేది దావూదీ ఫలజ్. ఊట నుంచి నేరుగా వచ్చేది ఐనీ. వాదీలో, అంటే కొండవాగులో పైపైన పారే నీటిని మళ్లించేది గైలీ. ఏ మోటారూ, ఏతమూ లేకుండా వాలు మీదే నడిచే ఇటువంటి వ్యవస్థలు ఒమన్‌లో నేటికీ సుమారు 3,000 వాడుకలో ఉన్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఐదింటిలో రెండు మీరు వెళ్లే దారిలోనే ఉన్నాయి.

నీరు ఊళ్లోకి వచ్చిన తర్వాత ఒక క్రమం ప్రకారం వెళుతుంది. మొట్టమొదట తాగునీళ్లు పట్టుకునే చోటు, తర్వాత మసీదు, స్నానాల గదులు, బట్టలూ పాత్రలూ కడిగే చోటు, ఆ తర్వాతే తోటలు వస్తాయి. తోటలకు నీళ్లు గంటల లెక్కన వంతులుగా అందుతాయి. సుమారు అరగంట వంతును అథర్ అంటారు. పూర్వం పగలు నేలలో నాటిన కర్ర నీడను బట్టీ, రాత్రి నక్షత్రాలను బట్టీ ఈ వంతులను లెక్కించేవారు. కొన్ని ఊళ్లలో ఆ పద్ధతి ఇంకా మరుగున పడలేదు. ఫలజ్ వ్యవహారాలకు వకీల్ అనే పెద్ద, వంతులు చూసుకోవడానికి అరీఫ్ అనే మనిషి ఉంటారు. తెలంగాణలో చెరువు కింద నీరటికాడు మడిమడికీ నీళ్లు వదిలినట్లే అరీఫ్ తోటతోటకూ నీళ్లు మళ్లిస్తాడు. మీ నాన్నగారికి వ్యవసాయంతో ఏ కొంచెం సంబంధం ఉన్నా, కాలువలో గుడ్డపీలికలు చుట్టిన రాయిని తీసి ఒక తోట నోరు తెరిచి మరొకదాన్ని మూసే దృశ్యం దగ్గర ఆయన చాలాసేపు నిలబడిపోతారు. ఆయనను తొందరపెట్టకండి. ఆ తోటల్లో ఇప్పుడు పని చేస్తున్నది చాలావరకు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కూలీలేనని కూడా మీరు గమనిస్తారు. యజమానులు ఊరి చివర కట్టుకున్న కొత్త ఇళ్లలో ఉంటారు.

గురువారం ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో బయలుదేరితే చాలు. మొదటి మజిలీ అయిన నిజ్వా పట్టణం మస్కట్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, రోడ్డు చక్కగా ఉంటుంది. నిజ్వా చేరడానికి కొంచెం ముందే బిర్కత్ అల్ మోజ్ అనే ఊరు వస్తుంది, అక్కడ ఆగండి. బైత్ అల్ రుదైదా అనే కోటకు పక్కనే ఫలజ్ అల్ ఖత్మైన్ పారుతుంది. యునెస్కో జాబితాలోని ఐదింటిలో ఇది ఒకటి. పెద్ద కాలువ మూడు సమానమైన పాయలుగా చీలే చోటును వెతికి చూడండి. గేటు గానీ మీటరు గానీ లేకుండా రాతికట్టు అమరికతోనే నీరు మూడు భాగాలవుతుంది. అక్కడినుంచి అరటి, ఖర్జూర తోటల మధ్య నడిచి వెళితే వాలు మీద పాడుబడిన పాత మట్టిపేట కనిపిస్తుంది. దాన్ని కింది నుంచే చూడటం మంచిది. పైకి ఎక్కే దారిలో రాళ్లు జారతాయి, పాత మిద్దెల కప్పులు ఎప్పుడు కూలతాయో చెప్పలేము.

అంత పెద్ద పేటను జనం ఎందుకు వదిలేశారని అమ్మగారు తప్పకుండా అడుగుతారు. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కే నాటికి ఈ దేశం మొత్తం మీద తారురోడ్డు పది కిలోమీటర్ల మేర మాత్రమే ఉండేదని చెబుతారు. ఆ తర్వాత చమురు ఆదాయంతో రోడ్లూ, బడులూ, ఆసుపత్రులూ, కరెంటూ ఒక తరంలోనే వచ్చాయి. కారు వెళ్లని ఇరుకు సందుల్లో, ప్రతి వానకూ పూత వేసుకోవలసిన పచ్చి ఇటుక ఇంట్లో ఉండటం కన్నా రోడ్డు పక్కన సిమెంటు ఇల్లు కట్టుకోవడమే మేలని జనం అనుకున్నారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. పాత పేటలు అలా ఖాళీ అయ్యాయి. కాబట్టి మీరు చూసే శిథిలాలలో చాలావరకు ఏ ప్రాచీన నాగరికతవో కావు. అక్కడ పుట్టిన మనుషులు ఇప్పటికీ అదే ఊళ్లో తాతలుగా బతికే ఉన్నారు. ఆ తలుపులకూ గోడలకూ యజమానులున్నారన్న సంగతి మనసులో పెట్టుకుని తిరగాలి.

నిజ్వాలో బస కోటను ఆనుకొని ఉన్న హారత్ అల్ అఖర్ అనే పాత పేటలో తీసుకోండి. ఇక్కడ మట్టి ఇళ్లను బాగుచేసి అతిథిగృహాలుగా మార్చారు. పైకప్పు కింద ఖర్జూర మాను దూలాలు, వాటి మీద ఈనెల చాప, ఆ పైన మట్టి. గోడల మందం వల్ల గది లోపల శబ్దమే వినిపించదు. బుక్ చేసే ముందు కింది అంతస్తు గది కావాలని గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఈ ఇళ్లలో మెట్లు ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి. సాయంత్రం ఎండ తగ్గాక ఊరి వీధుల్లో కాసేపు తిరిగి, ఫలజ్ దారిస్ పక్కనున్న పార్కులో కూర్చోండి. యునెస్కో జాబితాలో మీ దారిలో ఉన్న రెండోది ఇదే, ఒమన్‌లోని అతి పెద్ద ఫలజ్‌లలో ఒకటి.

గురువారమే బయలుదేరమన్నది శుక్రవారం ఉదయం నిజ్వాలో ఉండటం కోసం. ఆ ఒక్క ఉదయం పశువుల సంత జరుగుతుంది. ఏడు గంటలకల్లా అక్కడ ఉండాలి, తొమ్మిది దాటితే మిగిలేది పేడ మాత్రమే. గుండ్రటి అరుగు చుట్టూ కొనేవాళ్లు కూర్చుంటారు. అమ్మేవాళ్లు మేకలనూ, గొర్రెలనూ, ఆవులనూ తాళ్లతో పట్టుకుని వాళ్ల ముందునుంచి వలయంగా తిరుగుతూ ధర అరుస్తూ పోతారు. నచ్చినవాడు చెయ్యి చాపి ఆపి, పళ్లు చూసి, పొదుగు తడిమి బేరం మొదలుపెడతాడు. ముఖానికి ముసుగుతొడుగు ధరించిన బెదూయిన్ (ఎడారి తెగల) స్త్రీలు కూడా మగవాళ్లతో సమానంగా బేరమాడతారు. వాళ్లను దగ్గరగా ఫొటో తీయవద్దు. పర్యాటకుల కోసం పెట్టిన ప్రదర్శన కాదిది, పశువు బెదిరితే తాడుతో సహా జనంలోకి దూకుతుంది. అమ్మగారిని గుంపులోకి తీసుకువెళ్లకుండా వెనుక గట్టు మీద కూర్చోబెట్టండి.

సంత నుంచి నేరుగా కోటకు వెళ్లవచ్చు, శుక్రవారం వేళలు మాత్రం ముందురోజే కనుక్కోండి. 17వ శతాబ్దం మధ్యలో యారుబీ వంశపు ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ దీనిని కట్టించాడు. ఇమామ్ అంటే ఇక్కడ మతానికీ రాజ్యానికీ కూడా పెద్ద అయిన పాలకుడు. పని పన్నెండేళ్లు సాగిందంటారు. పెద్ద గుండ్రటి బురుజు మీదికి ఎక్కే మెట్లదారి మలుపు మలుపుకూ ఒక తలుపు, ఆ తలుపు పైన ఒక కన్నం. శత్రువు అక్కడిదాకా వస్తే ఆ కన్నంలోంచి మరిగించిన ఖర్జూర పాకం పోసేవారు. ఆ పాకం ఎక్కడినుంచి వచ్చేదో కింద గిడ్డంగిలో చూడవచ్చు. చాళ్లు తీసిన నేల మీద ఖర్జూరపు బస్తాలు దొంతర్లుగా పేరిస్తే, పై బరువుకు కింది పండ్లలోంచి కారిన రసం ఆ చాళ్ల వెంట పారి కుండలోకి చేరేది. మామూలు రోజుల్లో అది తిండి, ముట్టడి రోజుల్లో ఆయుధం. బురుజు మెట్లు అమ్మగారికి వద్దు, ఈ గిడ్డంగి చూపిస్తే చాలు.

జుమా నమాజు వేళకు ఊరంతా మూతపడుతుంది కాబట్టి మధ్యాహ్నం గదిలో విశ్రాంతి తీసుకుని, మూడు గంటలకు అల్ హమ్రా అనే ఊరి వైపు బయలుదేరండి. దారిలో తనూఫ్ దగ్గర పది నిమిషాలు ఆగితే కూలిన ఊరు ఒకటి కనిపిస్తుంది. ఇది జనం వదిలేసిన ఊరు కాదు. 1950లలో ఇమామ్ పక్షానికీ, అప్పటి సుల్తాన్ అయిన ఖాబూస్ తండ్రికీ మధ్య జబల్ అఖ్దర్ యుద్ధం జరిగినప్పుడు, సుల్తాన్‌కు మద్దతుగా బ్రిటిష్ విమానాలు వేసిన బాంబులకు నాశనమైంది. ఇప్పుడు ఆ పేరును జనం ఎక్కువగా మంచినీళ్ల సీసాల మీద చదువుతారు.

మిస్ఫత్ అల్ అబ్రియీన్ అనే కొండపల్లె కోసం శుక్రవారం రాత్రిని ఉంచండి. ఈ నాలుగు రోజుల్లో ఏదైనా ఒక్కటే చేయగలరంటే నేను దీన్నే చేయమంటాను. అల్ హమ్రా పైన, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, పెద్ద బండరాళ్లనే పునాదులుగా చేసుకుని రాతితో, మట్టితో కట్టిన ఇళ్లు అంచెలంచెలుగా లోయలోకి దిగుతాయి. వాటి కింద ఖర్జూర, అరటి, నిమ్మ, దానిమ్మ తోటలు కూడా అంచెలుగానే ఉంటాయి. పై అంచె నుంచి కింది అంచెకు ఫలజ్ నీళ్లు గలగలమంటూ దిగుతాయి. ఊరివాళ్లే తమ పాత ఇళ్లను అతిథిగృహాలుగా మార్చుకుని నడుపుతున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదీ ఉంది. ఆ గుర్తింపు వల్ల రద్దీ కూడా పెరిగింది. పగలు పదకొండు నుంచి నాలుగు వరకు బస్సుల్లో వచ్చినవాళ్లు సందులన్నీ నింపేస్తారు. రాత్రి అక్కడ ఉండమనడానికి కారణం ఇదే. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక, మళ్లీ తెల్లవారి వాళ్లు రాకముందు, ఊరు ఊరుగా ఉంటుంది.

మోకాళ్ల సంగతి ఇక్కడే ఆలోచించాలి. కారు ఊరి పైనే ఆపాలి, అక్కడినుంచి అతిథిగృహానికి నునుపెక్కిన రాతిమెట్ల మీదుగా దిగాలి. పెద్ద సూట్‌కేసు నిజ్వాలోనే వదిలి, ఒక రాత్రికి సరిపడా చిన్న సంచి మాత్రం తెచ్చుకోండి. కార్లు ఆపే చోటుకు దగ్గరగా ఏ గది ఉందో ఫోన్ చేసి అడగండి. ఒకసారి కిందికి దిగాక ఫలజ్ గట్టు వెంట ఉన్న దారి దాదాపు చదునుగానే సాగుతుంది, నెమ్మదిగా అమ్మగారు కూడా కొంత దూరం నడవగలరు. దిగడమే కష్టమనిపిస్తే, పైన లోయకు ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో కూర్చున్నా ఊరంతా కనిపిస్తుంది. అప్పుడు బస కూడా అల్ హమ్రాలోనే చూసుకోండి.

శనివారం ఉదయం కిందికి దిగి అల్ హమ్రా పాతపేటను చూడండి. రెండు మూడు అంతస్తుల మట్టి ఇళ్లు ఇంత పెద్ద సంఖ్యలో ఒకేచోట నిలిచి ఉన్న ఊళ్లు ఒమన్‌లో ఎక్కువ లేవు. వాటిలో బైత్ అల్ సఫా అనే ఇంటిని ప్రదర్శనశాలగా ఉంచారు. ఆ ఊరి స్త్రీలే పెనం మీద పల్చటి రొట్టె కాల్చి, కాఫీ గింజలు వేయించి, ఒక రకం గింజలను నూరి నూనె తీసి చూపిస్తారు. ఆ గింజలు మన మునగకు దగ్గరి చుట్టమైన, రాళ్ల వాదీల్లో పెరిగే చెట్టువి. పెద్దావిడలు ఒకరితో ఒకరు భాష లేకుండా మాట్లాడుకోవడం చూడాలంటే అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టి మీరు కాసేపు పక్కకు తప్పుకోండి. ఇచ్చిన కాఫీ చాలనుకున్నప్పుడు చిన్న కప్పును చేతిలో అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే మళ్లీ మళ్లీ పోస్తూనే ఉంటారు.

అక్కడినుంచి బహ్లా దగ్గరే. బహ్లా కోటను యునెస్కో 1987లోనే ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మరుసటి ఏడాదే ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో పెట్టింది. పచ్చి ఇటుక గోడలు ప్రతి వానకాలానికీ కొంత కరిగిపోతుండటమే అందుకు కారణం. సుదీర్ఘమైన మరమ్మతుల తర్వాత 2004లో ఆ జాబితా నుంచి తీసేశారు. ఒయాసిస్ చుట్టూ సుమారు 12 కిలోమీటర్ల మేర మట్టి ప్రాకారం ఉంది. కోటను రోడ్డు మీదినుంచి చూస్తేనే గంభీరంగా ఉంటుంది. లోపల గదులన్నీ ఖాళీగా ఉంటాయి, ఎక్కడం దిగడం ఎక్కువ. అందుకే లోపలికి వెళ్లకుండా ఎదుటి గుట్ట మీదినుంచి ప్రాకారం చూసి, కుమ్మరుల పేటకు వెళ్లమంటాను. బహ్లా కుండలకు పేరున్న ఊరు, సారె మీద పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. జిన్నుల కథలకు కూడా అంతే పేరు, అడిగితే ఊళ్లో ప్రతివాళ్లూ ఒకటి చెబుతారు.

మీరు లోపలికి వెళ్లవలసిన రెండో కోట జబ్రీన్. అది కోట అనడం కన్నా నివాసభవనం అనడమే సరైనది. నిజ్వా కోట కట్టించిన ఇమామ్ కుమారుడు బిల్అరబ్ బిన్ సుల్తాన్ దీనిని 17వ శతాబ్దం చివరి భాగంలో కట్టించాడు. చదువంటే ప్రీతి ఉన్న ఆయన లోపలే పాఠశాల పెట్టించాడు. పూలతీగలు చిత్రించిన చెక్క పైకప్పులు ఈనాటికీ రంగు పోకుండా ఉన్నాయి. ఆయన గుర్రాన్ని కట్టేసే గది పై అంతస్తులో ఉందని చెబితే నాన్నగారు నమ్మకపోవచ్చు, చూపించండి. భవనం లోపలినుంచే ఫలజ్ పారుతుంది, బిల్అరబ్ సమాధి కూడా అక్కడే ఉంది. రాత్రికి మళ్లీ నిజ్వా.

ఆదివారానికి జబల్ అఖ్దర్ కొండల మీదికి వెళ్లాలని చాలామంది చెబుతారు. బిర్కత్ అల్ మోజ్ దాటాక పోలీసు తనిఖీ ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే వెనక్కి పంపేస్తారు. ఆ కొండల మీది సైక్ పీఠభూమి దాదాపు రెండువేల మీటర్ల ఎత్తున ఉంటుంది. అంచునే వేలాడినట్లుండే అల్ అఖర్, అల్ ఐన్, అష్ షురైఖా ఊళ్లూ, వాటి కింది గులాబీ మళ్లూ నిజంగా అందమైనవే. కానీ గులాబీలు పూసేదీ, ఇళ్లలో మట్టిబట్టీల మీద పన్నీరు తీసేదీ మార్చి చివర నుంచి మే మొదటి వరకు. జనవరిలో మళ్లు బోడిగా ఉంటాయి, చలి ఎముకలు కొరుకుతుంది. మీ తల్లిదండ్రుల విషయంలో నేనైతే దీన్ని వదిలేసి, నిజ్వాకు దగ్గరలోని మనాహ్‌లో 2023లో తెరిచిన ‘ఒమన్ అక్రాస్ ఏజెస్’ ప్రదర్శనశాలను రెండు గంటలు చూపించి, నింపాదిగా మస్కట్ చేరతాను. చక్రాల కుర్చీ నడిచేంత చదునైన నేల అక్కడ దొరుకుతుంది.

భోజనం గురించి బెంగ అవసరం లేదు. నిజ్వా, బహ్లాలలో మలయాళీలు నడిపే హోటళ్లు అడుగడుగునా ఉన్నాయి. దోశ, చపాతీ, పప్పు, కూర దొరుకుతాయి. మిస్ఫత్‌లో మాత్రం శాకాహారమని ముందే చెప్పాలి, లేకపోతే అన్నం కూడా మాంసపు రసంలోనే ఉడికి వస్తుంది. అరబిక్ రాకపోయినా దుకాణాల్లో హిందీ బాగానే నడుస్తుంది. ఒమనీ ఇళ్లలో పని చేసే గోదావరి జిల్లాల, కడప వైపు స్త్రీలు ఎందరో ఉన్నారు కనుక, బజారులో ఎక్కడో తెలుగు మాట వినపడితే అమ్మగారు ఆగి పలకరించకుండా ఉండరు.

బట్టలు భుజాలనూ మోకాళ్లనూ కప్పాలి, చీర, పంజాబీ డ్రెస్సు అన్నివిధాలా సరిపోతాయి. పల్లెల్లో మసీదుల లోపలికి ముస్లిమేతరులు వెళ్లరాదు, ఆ కోరిక ఉంటే మస్కట్‌లోని సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదుకు ఉదయం వేళ తీసుకువెళ్లండి. ఫలజ్‌లో సబ్బు వాడటం, చెప్పులతో దిగడం చేయవద్దు, కిందివాళ్లు ఆ నీటితోనే బతుకుతారు. వాన సూచన ఉన్న రోజున వాదీ దాటే రోడ్ల మీదికి వెళ్లకండి. వాన కొండ మీద కురిసి ఇక్కడ ఎండ కాస్తున్నా నిమిషాల్లో వరద వస్తుంది. పారుతున్న వాదీలోకి బండి దించడం ఈ దేశంలో శిక్షార్హమైన నేరం కూడా. నిజ్వా వరకు ప్రభుత్వ బస్సు ఉన్నా, ఆ తర్వాత ఊళ్ల మధ్య తిరగడానికి సొంత బండో అద్దె బండో లేకుండా వీలుపడదు. జబల్ అఖ్దర్ మానుకుంటే మామూలు కారే సరిపోతుంది.

చలికాలం వారాంతాల్లో గదులు తొందరగా నిండిపోతాయి కాబట్టి ముందుగా మిస్ఫత్‌లో శుక్రవారం రాత్రికీ, తర్వాత హారత్ అల్ అఖర్‌లో గురువారం రాత్రికీ గదులు తీసుకోండి. శనివారం రాత్రికి అక్కడ దొరకకపోతే నిజ్వాలో లిఫ్టు ఉన్న మామూలు హోటలు తీసుకున్నా నష్టం లేదు, ఆపాటికి అమ్మగారి మోకాళ్లు కూడా దాన్నే కోరుకుంటాయి.